ఎడమచేతి ఈరన్న

కిందటి వారం మనం స్టెల్లాని పెళ్ళికూతురి గదిలో, గోడకు తగిలించిన ఒక బొమ్మ ముందు కొయ్యబారి నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. పెళ్ళికూతురు లేదు లెండి. ఆషాఢమాసం. ముహూర్తాలు లేక పెళ్ళిళ్ళ ఛత్రం ఖాళీగా పడి ఉంది కాబట్టే మహదేవపురలో అంత పెద్ద హాలు ఈ సాఫ్ట్‌వేర్ పిల్లల చేతికి చిక్కింది. ఆర్కుట్‌లో పాత కామిక్స్ గురించి కొట్టుకుని కొట్టుకుని స్నేహితులైపోయిన ఈ జనం, దక్షిణాదిలో ఉన్న తమలాంటి పిచ్చివాళ్ళందర్నీ ఒకచోటికి పిలిచి, దానికి "బొమ్మల సంత" అని పేరు పెట్టి, రెండు రోజుల జాతర తలకెత్తుకున్నారు. వంటశాలలో పాత పుస్తకాల స్టాళ్ళు. భోజనాల హాల్లో వేషాల పోటీ. పెళ్ళికొడుకు గదిలో ముఖ్య అతిథి. పెళ్ళికూతురి గదిలో, ఈ సంతకంతటికీ ప్రాణం లాంటి ఎగ్జిబిషన్.

ఆ గోడల మీద ఉన్నవి "ఒడిసెల ఈరన్న" పేజీలు. ఈరన్న గొర్రెల కాపరి. భుజాన కంబళి, చేతిలో ఒడిసెల. అందులో రాయి పెట్టి తల చుట్టూ తిప్పి వదిలాడంటే అవతల దొంగల సర్దారు తలపాగా ఎగిరిపోవాల్సిందే. ఎనభైల్లో బళేపేట సందులోని ఒక ప్రెస్సు ఈరన్నని తెలుగులో, కన్నడంలో, ఉర్దూలో నెలనెలా అచ్చేసేది. అన్నిటికీ బొమ్మలు ఒక్కరివే, వెంకటగిరియప్పవి. ఆయన అప్పట్లో అట్టల మీద స్వయంగా గీసిన పేజీల్ని మొట్టమొదటిసారి జనానికి చూపిస్తున్నామని ఛత్రం గేటుకి పెద్ద బ్యానరు కట్టారు. అరటి చెట్లు కట్టే కొక్కేలకే కట్టారు.

సరిగ్గా తలుపులు తీసే ముందు, స్టెల్లా స్నేహితురాలు ఫర్హానా గదిలోకి వచ్చి, నడి గోడ మీదున్న పెద్ద బొమ్మ చూసి, చప్పట్లు కొట్టి అన్న మాట ఇదీ: "చూస్తివా! నేను చెప్పలా? ఈరన్నది ఎడమచేతి వాటమేనని!"

కథ అక్కడ ఆగింది. స్టెల్లా గుండె కూడా ఇంచుమించు అక్కడే ఆగింది.

ఎందుకంటే ఈ ఎడమ కుడి తగవు వాళ్ళిద్దరి మధ్య ఇవాళ్టిది కాదు. ఇద్దరిదీ ఒకే కంపెనీ, పక్కపక్క సీట్లు, ఇద్దరూ టెస్టింగే. ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టి జీతం తీసుకునే ఉద్యోగం. స్టెల్లా చీరాలలో, వాళ్ళమ్మ నర్సుగా చేసే ఆసుపత్రి బెంచీల మీద ఈరన్నని తెలుగులో చదువుకుంది. ఫర్హానా కదిరిలో, మేనమామ కొట్లో కూర్చుని ఉర్దూలో చదువుకుంది. ఈరన్న ఒడిసెల కుడిచేత్తో తిప్పుతాడని స్టెల్లా. ఛస్తే కాదు, ఎడమచేత్తోనని ఫర్హానా. క్యాంటీన్లో ఈ గొడవ విని విని వంటవాడు కూడా ఒక పార్టీలో చేరిపోయాడు.

"నోరు మూతబడిందేమే? ఒప్పుకో," అంది ఫర్హానా. "ఇదే బొమ్మ. మా ఉర్దూ పుస్తకంలో అచ్చు ఇట్లే ఉండె. ఎడమచెయ్యి పైకెత్తి, కొండ ఇటు పక్క, గొర్రెలు అటు పక్క."

స్టెల్లా వెనక్కి తిరిగింది. ఎదుటి గోడకి పెళ్ళికూతుళ్ళు జడ చూసుకునే నిలువుటద్దం ఉంది. అద్దంలో ఈరన్న కనిపించాడు. కుడిచేత్తో ఒడిసెల తిప్పుతూ, కొండ అటు పక్క, గొర్రెలు ఇటు పక్క. చీరాల బెంచీ మీద తను చూసిన ఈరన్న ఆ అద్దంలో ఉన్నాడు. గోడ మీద లేడు.

"ఫర్హానా, ఉర్దూ పుస్తకం కుడి నుంచి ఎడమకి కదా చదివేది?"

"ఎల్‌కేజీ ప్రశ్న అడగాకు."

"మరి బొమ్మల పేజీ కూడా అటు నుంచే మొదలవ్వాలి కదా. దానికోసం మళ్ళీ గీయరుగా. ఫిల్మ్ తీసుకుని తిరగేసి అచ్చేస్తారు. బొమ్మంతా అద్దంలో చూసినట్టు తిరగబడుద్ది. అందుకే మీ ఈరన్నలందరూ ఎడమచేతి వాళ్ళు."

ఫర్హానా ఒక్క క్షణం ఆలోచించింది. "అంటే ఇన్నేండ్లూ నేను..." అని ఆగి, గోడ వైపు చూసి, గొంతు తగ్గించింది. "మరి చేత్తో గీసిన అట్ట మీద ఎడమచెయ్యి యెట్లొచ్చె?"

అదే. ఈ అట్టలు ఎనభైల్లో గీసిన అసలువైతే ఈరన్న కుడిచేత్తో తిప్పుతూ ఉండాలి. ఎడమచెయ్యి వచ్చిందంటే ఎవరో ఉర్దూ పుస్తకం ముందేసుకుని, దాన్ని చూసి ఈ బొమ్మ గీశారని అర్థం. మిగతా పేజీల్లో చెయ్యి సరిగ్గానే ఉంది. వాటిలో వరసగా గళ్ళుంటాయి, తిరగేయకపోతే కథే వెనక్కి నడుస్తుంది కాబట్టి ఆ గీసినవాళ్ళు జాగ్రత్తపడ్డారు. ఇది మాత్రం పేజీ అంతా ఒకటే బొమ్మ. గళ్ళు లేవు, మాటలు లేవు. తిరగేయాలని గుర్తుచేసేది ఏదీ లేదు.

తప్పు పట్టడం స్టెల్లా ఉద్యోగం. కానీ ఈసారి తప్పు దగ్గర తన సంతకం ఉంది. మూడు వారాల కింద వెంకటగిరియప్ప ఇంటికి రెండోసారి వెళ్ళి పైనున్న కొన్ని పేజీలు చూసొచ్చి, ఆర్కుట్‌లో తనే రాసింది: "కళ్ళతో చూశాను, వేలితో ముట్టుకున్నాను, ఒరిజినల్సే." చర్చిలో చిన్నప్పటినుంచీ విన్న తోమా కథ ఎక్కడికి పోతుంది! గాయంలో వేలు పెట్టి చూస్తేగాని నమ్మని ఆ శిష్యుడి లాగా తను కూడా వేలు పెట్టి చూసింది. పచ్చబడిన అట్ట తగిలింది. నమ్మేసింది. ఆ మాట పట్టుకుని హిందూపురం నుంచి, కోలారు నుంచి, చిక్కబళ్ళాపురం నుంచి జనం బస్సులెక్కారు. గేటు బయట కంబళి కప్పుకుని చెమటలు కక్కుతూ నిలబడ్డ ఈరన్నలే అరడజను మంది ఉన్నారు.

కౌశల్ తల లోపలికి పెట్టాడు. ఈ సంతకి పెద్ద. కరీంనగర్ కుర్రాడు, ఆర్కిటెక్టు. అంటే ఇళ్ళు కట్టేవాడు కాదు, సాఫ్ట్‌వేర్‌కి బొమ్మలు గీసి ఇంకొకరి చేత కట్టించేవాడు. మెడలో రెండు బ్యాడ్జీలు, చేతిలో వాకీటాకీ.

"ఏందిది, ఇంకా తెర్వలే? బయట జనం గేటు పీకేటట్టున్నరు."

స్టెల్లా చెప్పింది. కౌశల్ బొమ్మ చూశాడు, అద్దం చూశాడు, మళ్ళీ బొమ్మ చూశాడు.

"గిదొక్కటే గదా? తీసేద్దాం. మిగతయి మంచిగనే ఉన్నయి. ఎవ్వనికి తెలుస్తది?"

"మనకి తెలుస్తది," అంది ఫర్హానా.

"మనం చెప్పం గదా!"

"కౌశల్, ఇదొక్కటే నకలై మిగతావి అసలువి ఎలా అవుతాయి?" అంది స్టెల్లా. "ఒక బగ్ బయటపడిందంటే గోడంతా చెదలే."

"అరె, లైట్ తీస్కో స్టెల్లా. ఆయన ముసలాయన. ఇయ్యాల గీ మాట బయటికొస్తే ఈ జనమే ఆయన్ని ఏమంటరో ఎర్కేనా? ఆర్కుట్ల ఫోర్జరీ గీర్జరీ అని రాస్తరు. పెన్షన్ లేదు, పేరొక్కటే ఉన్నది ఆయనకి. అదీ తీసేస్తవా?"

కౌశల్ మాటల్లో ఎప్పుడూ సగమే పనికొస్తుంది. ఇవాళ ఆ సగమే గట్టిగా తగిలింది.

"నన్ను ఆయనతో మాట్లాడనివ్వు. అప్పటిదాకా తలుపు తీయకు," అని స్టెల్లా బయటికి నడిచింది.

పెళ్ళికొడుకు గదిలో వెంకటగిరియప్ప ఎర్ర మఖమల్ సోఫా మీద కూర్చుని ఉప్పిట్టు, అదే మన ఉప్మా, తింటున్నాడు. తెల్ల పంచె, ఇస్త్రీ మడత విప్పని కొత్త చొక్కా, నుదుటన విభూతి. పక్కనే భార్య కమలమ్మ, ఆయన ప్లేటులోంచి పచ్చిమిరపకాయలు ఏరి తన ప్లేటులో వేసుకుంటోంది.

"రామ్మా, రా," అన్నాడాయన. "ఏమప్పా ఈ పిల్లోళ్ళు, నా పెండ్లికి గూడా ఇంత మర్యాద జరగలే. వచ్చినోడు వచ్చినట్టు కాళ్ళకి మొక్కుతాండాడు. ఒకడైతే కంబళి కప్పుకుని వచ్చి, తాతా నేనే ఈరన్న అంటాడు. బక్కోడు, ఒడిసెల ఎత్తితే వాడే ఎగిరిపోయేటట్టు ఉండాడు."

స్టెల్లా నవ్వలేకపోయింది. నవ్వలేదని ఆయన గమనించాడు.

"తాతగారూ, పెద్ద బొమ్మలో ఈరన్న ఎడమచేత్తో తిప్పుతున్నాడు."

ఆయన చెంచా ఆగింది. కమలమ్మ చెయ్యి కూడా ఆగింది. కిటికీ బయట ఎవరో మైకు సరిచూస్తూ హలో హలో అంటున్నారు.

"ఎడమచేత్తోనా?" అన్నాడు. చెంచా పక్కన పెట్టి, గాల్లో తన కుడిచెయ్యి తిప్పాడు, తర్వాత ఎడమచెయ్యి తిప్పాడు. కళ్ళు మూసుకున్నాడు. "అయ్యో. దాన్ని వెనక్కి తిప్పలేదా నేను."

దబాయిస్తాడని, కోప్పడతాడని స్టెల్లా మెట్లమీద నడుస్తూ జవాబులు సిద్ధం చేసుకుంది. ఒక్కటీ పనికి రాలేదు.

"ఇంట్లో మిగిలింది ఉర్దూ పుస్తకాలే. వాటిని ట్రేసింగు పేపరు మీద ఎత్తుకుంటాము గదా," అన్నాడాయన, ఎక్కడ తప్పు జరిగిందో తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "ఎత్తుకున్నాక పేపరు తిరగేసి అట్ట మీద రుద్దాల. అన్నీ తిరగేస్తిని. ఇది ఒకటే బొమ్మ, సులువు అనుకుంటిని. సులువైన కాడే కాలు జారేది."

"అయితే ఇవన్నీ ఇప్పుడు గీసినవేనా?"

"నేను గీసినవే! ఇంకెవురో గీసినారు అనుకున్యావా?" మొదటిసారి ఆయన గొంతులో కారం వచ్చింది. "అట్టలు గూడా అప్పటివే, మిగిలినవి ఇంట్లో ఉండె. చెయ్యి అదే, అట్ట అదే, ఈరన్న అదే."

"పాతవి ఏమయ్యాయి?"

ఆయన నవ్వాడు. "మా ప్రెస్సు బళేపేటలో ఉండె గదమ్మా. చుట్టూ గాజుల అంగళ్ళు. ప్రింటు అయినాక ఆ అట్టలతో మాకేం పని? మందం అట్ట, మంచి అట్ట. ఓనరు కట్టలు కట్టి గాజుల అంగడికి ఇస్తా ఉండె. వాళ్ళు గుండ్రంగా కత్తిరించి గాజుల పెట్టెల అడుగున వేస్తా ఉండ్రి. మా ఈరన్న తలకాయ ఏ పెండ్లికూతురి పెట్టెలో ఉండాదో ఎవురికి తెలుసు!"

"మీకు బాధ అనిపించలేదా?"

"బాధ ఎందుకు? అప్పుడు ఒరిజినల్ అంటే పుస్తకమే. మీ పిల్లోళ్ళు వచ్చి, ఒరిజినల్స్ ఉండాయా తాతా అని అడిగితిరి చూడు, అప్పుడు తెలిసె, ఓహో అది దాచుకునే వస్తువా అని. నీ మొగం ఎట్లుండె తెలుసా ఆ పొద్దు? దేవుడి గుడిలో హారతి పళ్ళెం ముందర నిలబడినట్టు ఉంటివి. అవి లేనే లేవమ్మా అని ఎట్ల చెప్పేది? ఉండాయి, అటక మీద ఉండాయి, తీసి పెడతాను అంటిని."

"నేను అప్పుడే చెప్తిని," అంది కమలమ్మ. "పిల్లోళ్ళకి అబద్ధం చెప్పాకు, పుణ్యం ఉండదు అని. వింటాడా ఈ మనిషి!" ఆమె స్టెల్లా వైపు తిరిగింది. "చెప్తిని గానీ గట్టిగా చెప్పలేదమ్మా. ప్రెస్సు మూసినాక అంగళ్ళకి బోర్డులు రాస్తా ఉండె. ఫ్లెక్సులు వచ్చినాక అదీ పాయె. పనేమీ లేక సుమ్మనే కూర్చునేది, టీవీ చూసేది, నా మీద అరిచేది. మొదటిసారి మీరు వచ్చిపోయినాక తెల్లారి లేచి స్నానం చేసి టేబులు కాడ కూర్చుండె. రెండు నెలలు. అన్నానికి పిలిస్తే కొత్త పెండ్లికొడుకు లెక్క నవ్వుకుంటా వచ్చేది. నేను యెట్ల ఆపేది, చెప్పు?"

స్టెల్లా రోజంతా చేసే పనిలో అసలు, నకలు అనే తేడానే లేదు. ఒక ఫైలుని వెయ్యిసార్లు కాపీ చేస్తే వెయ్యీ ఒక్కటే. ఏది మొదటిదని అడిగేవాడిని ఆఫీసులో పిచ్చివాడంటారు. మరి ఇక్కడ ఒక అట్ట ముందుదా వెనకటిదా అని తనకెందుకింత పట్టింపు?

"ఒక మాట చెప్పు తల్లీ," అన్నాడు వెంకటగిరియప్ప. "నిన్న మీ అమ్మ దోసె పోసె. తినేస్తివి. ఈ పొద్దు అదే పిండితో, అదే పెనం మీద, అదే చేత్తో మళ్ళీ పోసె. ఇది డూప్లికేటు దోసెనా?"

"కాదు తాతగారూ. కానీ మా అమ్మ దాన్ని నిన్నటి దోసె అని చెప్పి పెట్టదుగా."

కమలమ్మ ఫక్కున నవ్వి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వెంకటగిరియప్ప ముఖం మాత్రం దించుకున్నాడు. చొక్కా గుండీ ఒకటి పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"హిందూపురం నుంచి ఒకతను వాళ్ళ నాన్నని తీసుకొచ్చాడు," అంది స్టెల్లా మెల్లగా. "కొడుకు చిన్నప్పుడు ఈరన్న పుస్తకం కొనివ్వలేకపోయాడంట ఆయన. ఇప్పుడు ఆ పేజీనే చూపిస్తానని తీసుకొచ్చాడు. ఇవి ఒరిజినల్సని అతనికి చెప్పింది మీరు కాదు, నేను. మీరు గీసినవి తీసేయమని నేను అనట్లేదు. ఎప్పుడు గీశారో రాద్దామంటున్నాను, అంతే."

"రాస్తే వెళ్ళిపోతారేమో అందరూ."

"వెళ్ళిపోతారేమో."

ఆ మాట చెప్పడం ఆమెకి కష్టంగానే ఉంది. కాదు లెండి తాతగారూ, ఎవరూ వెళ్ళరు అని ఓదార్చడం తేలిక. కానీ అలాంటి తేలిక మాట ఒకటి చెప్పే కదా ఇంతదాకా వచ్చింది.

ఆయన లేచి, పంచె సర్దుకుని, "నాకు ఒక అట్ట కావాల. ఒక బల్ల, ఒక పెన్సిలు," అన్నాడు. "కుడిచెయ్యి కుడిచెయ్యిగానే గీయాల. వాళ్ళ ముందరే గీస్తాను. ఉండేవాళ్ళు ఉంటారు, పోయేవాళ్ళు పోనీ. కమలా, నా కండ్లద్దాలు."

పెళ్ళికూతురి గది మధ్యలో బల్ల వేశారు. ఒరిజినల్స్ అని ఉన్న పాత కార్డుని స్టెల్లా చించేసి, ఇంకో తెల్ల కార్డు మీద మార్కరుతో పెద్ద అక్షరాలు రాసి గుమ్మం పక్కనే అంటించింది. "ఈ పేజీలు ఒరిజినల్స్ అని నేను చెప్పింది తప్పు. అప్పటి పేజీలు మిగల్లేదు. ఇవి వెంకటగిరియప్ప గారు ఈ సంత కోసం 2007లో మళ్ళీ గీసినవి. పెద్ద బొమ్మలో ఎడమచెయ్యి పొరపాటు. సరిచేసిన బొమ్మ ఇప్పుడు మీ ముందే గీస్తున్నారు. - స్టెల్లా." కౌశల్ అది చదివి తల పట్టుకున్నాడు. "ఖతం," అన్నాడు. అన్నాక తనే వెళ్ళి తలుపు తీశాడు.

జనం లోపలికొచ్చారు. కార్డు చదివారు. కొందరు మొహాలు చూసుకున్నారు. "ఏంటండీ ఇది, మోసం కాదూ?" అని ఒకాయన గట్టిగానే అని, విసవిసా బయటికెళ్ళిపోయాడు. అతని వెనక ఇంకొందరు వెళ్ళారు. స్టెల్లా గుమ్మం దగ్గరే నిలబడి అందరి ముఖాలూ చూసింది, తల దించుకోలేదు. హిందూపురం అతను కార్డు రెండుసార్లు చదివాడు. వాళ్ళ నాన్న మాత్రం చదవలేదు. నేరుగా బల్ల దగ్గరికెళ్ళి, కుర్చీ లాక్కుని, వెంకటగిరియప్ప ఎదురుగా కూర్చుని, "గీయి సామీ," అన్నాడు.

అట్ట మీద కొండ వచ్చింది. గొర్రెలు వచ్చాయి. వెళ్ళిపోయిన వాళ్ళలో ఇద్దరు తిరిగొచ్చి వెనక నుంచి తొంగి చూశారు. గదిలో పెన్సిలు చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఫర్హానా స్టెల్లా భుజం మీద గడ్డం ఆనించి, "ఎడమచేతోడే అందగాడు, ఏమన్నా అనుకో," అని గుసగుసలాడింది. స్టెల్లాకి పొద్దుటినుంచీ మొదటిసారి నవ్వొచ్చింది.

అప్పుడే ఒకాయన కార్డు ముందు ఆగిపోయి ఉండడం ఆమె చూసింది. ముప్పై దాటిన మనిషి. సఫారీ సూటు, బంగారు ఫ్రేము కళ్ళజోడు. కార్డు మీద "మళ్ళీ గీసినవి" అన్న చోట వేలు పెట్టి నిలబడ్డాడు.

"ఇది రాసింది ఎవురమ్మా?"

"నేనేనండీ. స్టెల్లా అంటే నేనే."

"మంచి పని చేసినావు. నిజం రాసినావు." మాట మెత్తగా ఉంది. "నేను రాజగోపాల్‌ని. ఈరన్నను అచ్చేసిన ప్రెస్సు మా నాయనది. పాత బొమ్మలు పెట్టినారని పేపర్లో చదివి, సంతోషంగా చూసిపోదామని వస్తిని. పాతవైతే నాకేం అడ్డం లేదప్పా, ఎన్ని దినాలన్నా చూపించుకోండి."

"మరి ఇవి?"

"ఇవి కొత్తవి అని నువ్వే రాస్తివి గదా." ఆయన కళ్ళజోడు తీసి జేబు రుమాలుతో తుడుచుకున్నాడు. "ఈరన్న మీద హక్కు మా ప్రెస్సుది. పోయిన నెలలో ఒక కార్టూను కంపెనీకి సంతకం చేసి ఇస్తిని. వాళ్ళు తప్ప ఈరన్నను ఇంక ఎవురూ కొత్తగా గీయరు అని. ఎవురూ అంటే ఎవురూ."

"గీసినాయన కూడానా?"

రాజగోపాల్ గదిలోకి చూశాడు. బల్ల చుట్టూ మూగిన జనం మధ్య వెంకటగిరియప్ప తెల్లజుట్టు మాత్రమే కనిపిస్తోంది. ఎవరో చిన్నగా "చెయ్యి, చెయ్యి గీస్తున్నాడు" అన్నారు. ఎవరూ కదల్లేదు.

"ఆయన కూడా," అన్నాడు రాజగోపాల్. "చిన్నప్పుడు ఆ మనిషి ఒళ్ళో కూర్చుని బొమ్మలు చూసినోడిని నేను. నా నోటితో చెప్పేదానికి నాకు కష్టంగా ఉండాది. పెన్సిలు కింద పెట్టమని నువ్వు చెప్తావా, నన్నే చెప్పమంటావా?"